మా నాయనమ్మ ఓటు

కోదాడలో ఇంటర్ పిల్లలకు సివిక్స్ చెప్పబట్టి ఇరవై ఏళ్ళు దాటింది. మిగతా పాఠాలన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. రహస్య ఓటింగ్ పాఠం ఒక్కటే నన్ను ఇబ్బంది పెడుతుంది. పుస్తకంలో అది నాలుగు లైన్లు. రెండు మార్కుల ప్రశ్న, పిల్లలకు ఆ నాలుగు లైన్లు చాలు. నాకే చాలవు. పీరియడంతా దాని మీదే గడిపేస్తాను, గంట కొట్టాక కూడా వదలను. వెనక బెంచీ వాళ్ళు ఆవలిస్తే సుద్దముక్క విసిరి మరీ చెప్తాను.

నూట యాభై ఏళ్ళ కిందటి దాకా ఇంగ్లండులో ఓటంటే నోటితో చెప్పేదే. ఊరి నడుమ చెక్కలతో మంచె లాంటిది కట్టేవాళ్ళు. ఓటరు దాని మీదికెక్కి, ఫలానా ఆయనకు నా ఓటు అని నలుగురూ వినేలా చెప్పాలి. గుమస్తా పుస్తకంలో రాసుకుంటాడు. తర్వాత ఆ పుస్తకాన్ని అచ్చేసి అమ్మేవాళ్ళు కూడా. ఎవరు ఎవరికి వేశారో కావాలంటే కొనుక్కుని చదువుకోవచ్చు. కింద జనం ఈలలు వేస్తూ, నచ్చని పేరు వినబడితే కుళ్ళిన గుడ్లు విసురుతూ ఉండేవాళ్ళు. ఆ జనంలోనే భూస్వామి మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ఆయన భూమి కౌలుకు చేసుకునేవాడు ఆయనకు గిట్టని పేరు చెప్పాడా, వచ్చే ఏడు ఆ భూమి వాడిది కాదు.

ఏళ్ళ తరబడి కొట్లాడితే చివరికి చట్టం వచ్చింది. కాగితం మీద గుర్తు పెట్టి, మడిచి, పెట్టెలో వెయ్యడం. ఆ చట్టం కింద మొదటి ఎన్నిక ఒక చిన్న ఊళ్ళో ఉప ఎన్నికగా జరిగింది. ఓటు పెట్టెలకు లక్క ముద్ర వెయ్యడానికి ఆ ఊళ్ళో మిఠాయిబిళ్ళల మీద వేసే ముద్రనే వాడారట. దగ్గుకు మనం నములుతామే, ఆ అతిమధురం వేరుతో చేసే నల్లటి బిళ్ళలవి. ఇది చెప్పినప్పుడు ఆవలించేవాళ్ళు కూడా లేచి కూర్చుంటారు. పోలింగ్ రోజు ఆ ఊరు ఎంత సద్దుమణిగి ఉందంటే, ఇది ఎన్నికేనా అని జనం అనుకున్నారట.

ఇక్కడి దాకా బాగానే చెప్తాను. ఆ తర్వాత ఎవరో ఒకరు, ప్రతి ఏడూ, తప్పకుండా అడుగుతారు. "మేడమ్, మరి కండ్లు కనబడనోళ్ళు ఎట్ల ఏస్తరు?"

అప్పట్లో వాళ్ళ దేశంలో పోలింగ్ అధికారే ఏజెంట్ల ముందు గుర్తు పెట్టేవాడని, మన దగ్గర ఓటరు తనకు నమ్మకమైన మనిషిని వెంట తెచ్చుకోవచ్చని చెప్తాను. ఆ వెంట వచ్చిన మనిషి, ఈ ఓటు రహస్యం బయటపెట్టను అని ఒక కాగితం మీద సంతకం చెయ్యాలని కూడా చెప్తాను. చెప్పి, బోర్డు తుడవడం మొదలుపెడతాను. తుడవడానికి బోర్డు మీద ఏమీ ఉండదు.

నాకు పద్దెనిమిది నిండిన ఏడు నేను అలాంటి కాగితం మీద సంతకం చేశాను. మా నాయనమ్మ కోసం.

మాది మునగాల దగ్గర, హైవేకి కొంచెం లోపలికి ఉన్న ఊరు. నాయనమ్మ పెద్దకొడుకైన మా నాన్న దగ్గర, అంటే మాతోనే ఉండేది. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, వేరుపడి నాలుగిళ్ళ అవతల ఉండేవాడు. వేరుపడ్డది వంట మాత్రమే, అదీ రెండు పూటలే. మధ్యాహ్నం అన్నం మాత్రం తల్లి దగ్గరే. పొలం నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, కాళ్ళు కడుక్కుని, వసారాలో ఎడమ వైపు స్తంభానికి ఆనుకుని కూర్చునేవాడు. ఆయన వచ్చేదాకా నాయనమ్మ ముద్ద ముట్టేది కాదు.

అప్పటికే ఆమెకు రెండు కళ్ళూ పోయాయి. సూర్యాపేట కంటి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను, నేను అక్కడే డిగ్రీ చదువుతుండేదాన్ని. కంటి నరం ఎండిపోయింది, ఇక చేసేదేం లేదన్నాడు డాక్టర్. దవాఖాన మెట్లు దిగుతూ నేను ఏడుస్తుంటే ఆమె నన్ను కసిరింది. "నా కండ్లు వోతే నువ్వెందుకే ఏడుస్తవ్? ముందు మెట్లు సూసి దిగు, ఇద్దరం పడ్తం" అంది.

కళ్ళు పోయాక ఆమె చూపంతా వేళ్ళలోకి వచ్చింది. అన్నంలో పచ్చిపులుసు పోసి తనే కలిపేది. చిన్నాయన చెయ్యి చాపేవాడు. ముద్ద పెట్టే ముందు ఆ అరచేతిని ఒకసారి తడిమేది. "ఇయ్యాల గడ్డపార పట్టినవ్." "ఇయ్యాల పని జెయ్యలే, ఎవనితోనో ముచ్చట వెట్టినవ్." ఒక్కసారి కూడా తప్పు చెప్పగా నేను వినలేదు. చిన్నాయన నవ్వుతూ నా వైపు చూసి, "మీ నాయనమ్మకు కండ్లున్నప్పుడే నయముండె బిడ్డా, అప్పుడు అబద్ధమాడొచ్చు" అనేవాడు. తర్వాత ఒక ముద్ద నా చేతిలో పడేది, కాలేజీ లేని రోజైతే. ఎల్లిపాయ కారం ఘాటుకు ముక్కు తుడుచుకుంటూ తినేదాన్ని. ఆ మధ్యాహ్నాలు మళ్ళీ కావాలని నాకు ఇప్పటికీ ఉంటుంది. ఎంత ఉంటుందంటే, ఆదివారాలు పన్నెండు దాటితే ఊరికే వాకిట్లోకి వెళ్ళి నిలబడతాను.

ఆ ఏడు చిన్నాయన సర్పంచిగా నిలబడ్డాడు.

ఆయనకు అంతకు ముందు అలాంటి ఆశ ఉన్నట్టు ఎవరికీ తెలియదు. ఊళ్ళో నలుగురు ఎక్కించారు, ఎక్కాడు. కత్తెర గుర్తు వచ్చింది, అవతలి మనిషికి ఉంగరం. పన్నెండు రోజుల ప్రచారం. ఆ పన్నెండు రోజులూ ఆయన మధ్యాహ్నం అన్నానికి రాలేదు. పొద్దున ఒక వాడ, మధ్యాహ్నం ఇంకో వాడ, తిండి ఎక్కడో హైవే మీద దాబాలో, వెంట తిరిగే వాళ్ళతో కలిసి. నాయనమ్మ మాత్రం రోజూ కంచం ముందు పెట్టుకుని కూర్చునేది. పప్పు చల్లారిపోయేది. మా అమ్మ తినమంటే, "వస్తడు తియ్, అడుగుల సప్పుడు ఇనవడ్తుంది" అనేది. వినబడేవి ఎవరివో అడుగులు.

ఇక్కడ మా ఊరి అలవాటు ఒకటి చెప్పాలి. పోలింగ్ జరిగే బడికి కొంత దూరంలో రోడ్డుకు అడ్డంగా సున్నంతో గీత గీస్తారు. ఆ గీత దాటి లోపల ప్రచారం చెయ్యకూడదు. అందుకని పోటీలో ఉన్నవాళ్ళంతా సరిగ్గా ఆ గీతకు ఇవతల, చేతులు కట్టుకుని పెద్దమనుషుల్లా నిలబడతారు. ఓటేసి బయటికి వచ్చినవాళ్ళు గీత దాటుతూ, తమ మనిషికి వేళ్ళతో గుర్తు చూపించి పోతారు. కత్తెర అయితే రెండు వేళ్ళు ఆడిస్తారు. ఉంగరం అయితే వేలి చుట్టూ వేలు తిప్పుతారు. ఆ చట్టం కోసం అన్నేళ్ళు కొట్లాడిన ఆ దేశపు వాళ్ళు మా ఊరి సున్నం గీత దగ్గర అర్ధగంట నిలబడితే తలలు పట్టుకునేవాళ్ళు. రహస్యంగా వెయ్యడం, బయటికి వచ్చి వేళ్ళతో చెప్పడం. చూపించకుండా పోయినవాడిని ఆ రోజు నుంచి ఊరు ఒక కంట కనిపెడుతూనే ఉంటుంది.

నాయనమ్మకు ఇంకా పాత సంగతులు తెలుసు. ఆమె కాపురానికి వచ్చిన కొత్తలో పంచాయతీ పెద్దను ఎన్నుకోవడమంటే చావడి ముందు చేతులెత్తడమేనట. "మీ తాత చెయ్యెత్తితే దొర సూస్తుండె, ఎత్తకుంటే ఊరు సూస్తుండె. ఇంటికొచ్చి ఆ చెయ్యి కడుక్కుంటుండె" అని చెప్పేది. అందుకే కాగితం ఓటంటే ఆమెకు ప్రాణం. కళ్ళు లేకపోయినా ఒక్కసారీ మానలేదు.

పోలింగ్ రోజు నేను సూర్యాపేట నుంచి మొదటి బస్సుకు వచ్చాను. నా ఓటు ముందే వేసి, చిన్నాయనకు రెండు వేళ్ళు ఆడించి చూపించాను. ఆయన గర్వంగా మీసం సర్దుకున్నాడు. తర్వాత నాయనమ్మను తీసుకొచ్చారు. ఆమె వెంట లోపలికి చిన్నమ్మ పోతానంది. చిన్నమ్మ అంటే చిన్నాయన భార్య. అభ్యర్థి భార్య ఎట్లా పోతుందని అవతలి ఏజెంటు గొడవ పెట్టుకున్నాడు. నాయనమ్మ వాళ్ళిద్దరినీ ఆపి, "నా మనవరాలు సదువుకున్నది, అది వస్తది" అంది.

పోలింగ్ అధికారి నా ముందు ఆ కాగితం పెట్టాడు. అప్పటికి నేను నోటు పుస్తకాల అంచుల్లో నా సంతకాన్ని కొన్ని వందలసార్లు చేసి చూసుకుని ఉన్నాను. సర్కారు కాగితం మీద చెయ్యడం మాత్రం అదే మొదటిసారి. చివరి అక్షరం కింద గీత గీసి, రెండు చుక్కలు కూడా పెట్టాను. ఆ సంతకం చూసుకుని నేను ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే లెంపకాయ కొట్టుకోవాలనిపిస్తుంది.

బడి బెంచీ మీద అట్టపెట్టె అడ్డం పెట్టి, దాని వెనక ముద్ర, సిరా దిండు ఉంచారు. నాయనమ్మ అట్ట అంచును తడిమి, వెనక ఎవరూ లేరు కదా అని అడిగింది. లేరన్నాను.

"ఉంగరం మీద గుద్దు" అంది.

ఆమెకు గుర్తు తెలియదేమో అనుకున్నాను. "నాయనమ్మా, చిన్నాయనది కత్తెర" అన్నాను.

"నాకెర్క లేదా? ఉంగరం మీదనే గుద్దు."

నా చెయ్యి కదలలేదు. ఆమె నా మోచేయి పట్టుకుని నా చెవిలో చెప్పింది. "గెలిస్తే వాడు ఇగ నాకు దొరకడే. పన్నెండు దినాలకే గిట్లైతే అయిదేండ్లు ఎట్ల? ఓడితే రెండు దినాలు ఏడుస్తడు, మూడోనాడు అన్నానికొస్తడు. గుద్దు."

గుద్దాను. సిరా ఇంకో గుర్తుకు అంటకుండా, నోటితో ఊది ఆరబెట్టి, నిలువుగా మడిచి, మళ్ళీ అడ్డంగా మడిచి ఆమె చేతిలో పెట్టాను. ఆమె పెట్టె చీలికను వేళ్ళతో వెతుక్కుని తనే లోపలికి వదిలింది.

బయటికి వచ్చాం. సున్నం గీత దగ్గర చిన్నాయన నిలబడి ఉన్నాడు. తల్లి వేళ్ళ వైపే చూస్తున్నాడు. నాయనమ్మ రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, నా భుజానికి ఆనుకుని, గీత దాటి నడిచి వెళ్ళిపోయింది. చిన్నాయన చూపు ఆమె కొంగు మీంచి నా ముఖం మీదికి వచ్చింది. నాకు అబద్ధం దాచే ముఖం లేదు, ఇప్పటికీ లేదు.

కొద్ది ఓట్లతో ఓడిపోయాడు. తల్లి ఓటు పడినా గెలిచేవాడు కాదు. ఆ లెక్క ఆయనకు అవసరం లేదు. మర్నాడు నన్ను బావి దగ్గర పట్టుకుని అడిగాడు.

"బిడ్డా, అమ్మ నాకు ఏసిందా లేదా? ఆ ఒక్క మాట చెప్పు సాలు."

నేను ఏమన్నానో చూడండి. "సంతకం పెట్టిన చిన్నాయనా. చెప్పొద్దు" అన్నాను. చట్టం చదివిన మొనగత్తెలా తల ఎగరేసి మరీ అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. వేసిందని చెప్పదలిస్తే చెప్పడానికి సంతకం అడ్డు రాదని పొలం పనులు చేసుకునే మనిషికి తెలుసు, డిగ్రీ చదివే నాకు తెలియలేదు.

మూడో రోజు నాయనమ్మ కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. చిన్నాయన రాలేదు. నాలుగో రోజూ రాలేదు. రెండు నెలలు తిరక్కుండా మిర్యాలగూడలో ఒక రైసుమిల్లులో గుమస్తాగా కుదిరి చిన్నమ్మను తీసుకుని వెళ్ళిపోయాడు. తల్లి మీద కోపంతో మాట్లాడడం మానేస్తే అదొక దారి. ఆయన మాట్లాడేవాడు. ఊరికి వచ్చినప్పుడల్లా కాళ్ళకు దండం పెట్టేవాడు, మందులు తెచ్చేవాడు. అన్నం తినమంటే మాత్రం "తినే వచ్చిన" అనేవాడు. మునగాలలో బస్సు దిగి, దాబాలో తిని మరీ వచ్చేవాడని మాకందరికీ తెలుసు. మా ఊళ్ళో ఆయన ముద్ద ముట్టలేదు.

నేను నాయనమ్మను బతిమాలాను. "నువ్వు చెప్పకుంటే నేను చెప్తా. ఎందుకేసినవో చెప్తే వస్తడు" అన్నాను.

"సంతకం పెట్టినవ్ గదనే, దొరసానీ" అని నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది. "ఏ మొఖం వెట్టుకొని చెప్తవే? కన్నతల్లే ఓడగొట్టిందని వానికి తెల్వాల్నా? గెలిస్తే పోతడనుకున్న. ఓడినా పాయె."

ఆ తర్వాత మూడేళ్ళు బతికింది. అన్నం ఇదివరకటి వేళకే కలుపుకునేది, మొదటి ముద్ద పక్కన పెట్టేది. ఇంట్లో ఉన్న రోజుల్లో దాన్ని కాకులకు వేసేది నేను. ఆమె పోయిన రోజు చిన్నాయన మిర్యాలగూడ నుంచి లారీ ఎక్కి వచ్చాడు. పాడె పక్కన కూర్చుని తల్లి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ మూసి, విప్పి, మూసి చాలాసేపు అలా ఉండిపోయాడు. ఆ వేళ్ళు ఆ రోజు ఏ గుర్తు చూపించేవో అని వెతుకుతున్నాడని అక్కడ నాకొక్కదానికే తెలుసు. అప్పుడైనా చెప్పలేదు. సంతకానికి భయపడి కాదు. నేను చెప్పబోయేదాంట్లో రెండు ముక్కలున్నాయి. మొదటి ముక్క వినగానే ఆయన గుండె ఆగితే రెండో ముక్క ఎవరికి చెప్పను?

ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైంది. నేను కోదాడలో చేరాను. ఆయనది గుమస్తా పని నుంచి సొంత బియ్యం వ్యాపారం అయింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో కలిసేవాళ్ళం. ఆయన నా పక్కన కూర్చుని బియ్యం రకాల గురించి చెప్పేవాడు, నేను పిల్లల మార్కుల గురించి చెప్పేదాన్ని. ఆ ప్రశ్న మా ఇద్దరి మధ్య మూడో మనిషిలా కూర్చునేది.

మొన్న చలికాలంలో పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. చిన్నాయన ఫోన్ చేశాడు. తన ఓటు ఇన్నేళ్ళూ మా ఊళ్ళోనే ఉంచుకున్నాడు, మార్పించుకోలేదు.

"బిడ్డా, నాకు గూడ అమ్మ లెక్కనే అయింది. రెండో కన్ను గూడ పోయింది. డాక్టరు నరం ఎండిందన్నడు" అన్నాడు, అదేదో కుటుంబ ఆస్తి చేతికి వచ్చినట్టు. "ఓటుకు వస్త. నా ఎంట నువ్వే రావాలె."

పోలింగ్ రోజు పొద్దున్నే కారు మాట్లాడుకుని, హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ పోయాను. దారి పొడవునా సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. ఊరు దగ్గరపడేసరికి మిల్లుల ఊక వాసన అద్దాలు మూసినా లోపలికి వచ్చింది. చిన్నమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. ఆమెది కోదాడ అవతల, ఆంధ్రా వైపు ఊరు, అన్నేళ్ళయినా ఆమె మాట ఆమెదే. "మీ చిన్నాయన పొద్దున్నుంచీ రెండు చొక్కాలు మార్చారమ్మాయ్. నన్ను రావద్దన్నారు, నువ్వే కావాలంట. అక్కడేం నిధి తవ్వుతున్నారో మరి" అంది.

దారిలో చిన్నాయన పెద్దగా మాట్లాడలేదు. పాలకీడు దారి చీలే చోటు దాటామా అని ఒకసారి, కోదాడ వచ్చిందా అని ఒకసారి అడిగాడు. మునగాల దాటాక అద్దం దించి గాలి పీల్చాడు. మా ఊరి బడి దగ్గరికి వచ్చేసరికి పన్నెండైంది. ఒంటి గంటకు పోలింగ్ ముగుస్తుంది. సున్నం గీత అదే చోట ఉంది. దాని ఇవతల పెద్దమనుషులు అలాగే చేతులు కట్టుకుని ఉన్నారు, ముఖాలు మారాయంతే.

లోపల పోలింగ్ అధికారి నన్ను చూసి లేచి నిలబడింది. నా దగ్గర చదువుకున్న పిల్లే. నేను సుద్దముక్క విసిరిన పిల్ల కూడా. "మేడమ్, ఇక్కడ సంతకం. ఓటు రహస్యం కాపాడతానని" అని నాకే పాఠం చెప్పింది. సంతకం చేశాను. ఈసారి కింద గీత గియ్యలేదు.

గులాబీ రంగు కాగితం సర్పంచికి, తెల్లది వార్డు మెంబరుకు. రెండూ పట్టుకుని ఆయనను అట్టపెట్టె వెనక్కి నడిపించాను. ఆయన అట్ట అంచును తడిమాడు.

"ఎనకెవలన్న ఉన్నరా?"

"లేరు చిన్నాయనా."

"ఆనాడు గూడ ఇట్లనే నిలవడ్డరా మీరిద్దరు?"

నేను ముద్ర చేతిలోకి తీసుకున్నాను.

"బిడ్డా, ఆనాడు నీ మొఖం సూసి సగం తెలుసుకున్న. ఇప్పుడు మొఖం సూద్దామంటే కండ్లు లేవు. నోటితోనే చెప్పాలె. అమ్మ ఏం గుద్దుమన్నది?"

ఊళ్ళో ఇంకెక్కడ అడిగినా నేను తప్పించుకునేదాన్ని. అక్కడ తప్పించుకోలేకపోయాను. ఆయన చెవి దగ్గరికి వంగాను. "ఉంగరం" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎన్నేళ్ళుగానో తెలిసిన సంగతే విన్నట్టు ఊపాడు. అట్ట అంచు పట్టుకున్న వేళ్ళు మాత్రం బిగుసుకున్నాయి. ఆయన ఇటు తిరగక ముందే రెండో ముక్క కూడా చెప్పేశాను, గబగబా, తడబడుతూ. "గెలిస్తే నువ్వు మధ్యాహ్నం అన్నానికి రావన్నది. పన్నెండు దినాలు రాలేదు గదా నువ్వు. ఓడితే మూడోనాడు వస్తడన్నది. అందుకే ఏసింది చిన్నాయనా. ఇంకేం లేదు. అందుకే."

"మేడమ్, లోపల మాట్లాడొద్దు" అని నా శిష్యురాలు బయటి నుంచి కేకేసింది.

ఆయన కదలలేదు. పెదవులు మాత్రం కదిలాయి. "మూడోనాడు" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు. నల్ల కళ్ళద్దాల కింద నుంచి నీళ్ళు జారి చొక్కా మీద పడ్డాయి, పొద్దున రెండోసారి మార్చుకున్న చొక్కా మీద. నేను తుడవబోతే నా చెయ్యి పక్కకు తీశాడు.

"మూడోనాడు నేను మనింటి మలుపు దాక వచ్చి తిరిగి పొయ్యిన బిడ్డా. అమ్మ కంచం సప్పుడు గూడ ఇన్న."

నేను తల ఎగరేసి చెప్పిన ఆ ఒక్క జవాబు మలుపు దగ్గర ఆయన కాళ్ళకు అడ్డం పడింది. ముప్పై ఏళ్ళు. "తప్పు నాది చిన్నాయనా" అన్నాను.

"పిచ్చిదానా, నీకప్పుడు ఎన్నేండ్లని" అన్నాడు. తర్వాత ముఖం తుడుచుకుని, గొంతు సవరించుకుని, ఏ గుర్తు మీద గుద్దాలో రెండు కాగితాలకూ చెప్పాడు. గుద్దాను, ఊదాను, నిలువుగా, మళ్ళీ అడ్డంగా మడిచాను. ఏ గుర్తులన్నది చెప్పను, సంతకం పెట్టాను.

బయటికి వచ్చాం. గీత ఇవతల పెద్దమనుషులు ఆయన వేళ్ళ వైపే చూస్తున్నారు. చిన్నాయన రెండు చేతులూ తువ్వాల్లో చుట్టుకుని, నా భుజానికి ఆనుకుని, గీత దాటాడు. ఆయనకు ఎవరూ చెప్పలేదు అలా చెయ్యమని.

కారు దగ్గర ఆగాడు. "టైమెంతయింది బిడ్డా?"

"పన్నెండున్నర."

"ఆకలైతుంది" అన్నాడు. "మనింటికి పోదాం పా."

ఆ ఇంట్లో ఇప్పుడు మా తమ్ముడు వాళ్ళు ఉంటున్నారు. అందరూ ఓట్ల హడావిడిలో ఉన్నారు, తలుపు దగ్గరగా వేసి ఉంది. చిన్నాయన తడుముకుంటూ వసారాలోకి వచ్చి, ఎడమ వైపు స్తంభాన్ని వెతుక్కుని, దానికి ఆనుకుని కూర్చున్నాడు. వంటింట్లో అన్నం ఉంది, పచ్చిపులుసు నేను అప్పటికప్పుడు చేశాను. చింతపండు సరిగ్గా నానలేదు, తొందరలో ఉప్పు ఎక్కువైంది. కంచంలో కలిపి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

ఆయన అరచెయ్యి చాపాడు.

ముద్ద పెట్టబోయి ఆగి, ఆ చేతిని తడిమాను. ఏ పనీ చెయ్యని మెత్తటి ముసలి చెయ్యి. నా వేళ్ళకు ఏమీ తెలియలేదు.

"ఏం పని జేసిన్నో చెప్పు" అన్నాడు చిన్నాయన.

"ఆలస్యంగ వచ్చినవ్" అన్నాను. ముద్ద ఆయన చేతిలో పెట్టాను.